ఖాళీ ర్యామ్ కోసం క్యాషేకి ఎసరు

లినక్స్ మీద జావా నడిపేచోట ఒక చిట్కా వైద్యం చాలాకాలంగా చేతులు మారుతోంది. 64 జీబీల సర్వర్‌లో ‘ఫ్రీ’ కమాండ్ కొడితే ఖాళీ ఒక్క జీబీ కూడా కనిపించదు. మెమరీ అయిపోయిందని కంగారు మొదలవుతుంది. వెంటనే క్రాన్‌లో ఒక లైను చేరుతుంది: గంటకోసారి ‘డ్రాప్ క్యాషెస్’ ఫైలులో 3 అని రాసి కెర్నెల్ క్యాషేని ఖాళీ చేయమని. ఖాళీ అంకె పెరుగుతుంది, అందరూ ఊపిరి పీల్చుకుంటారు. ఆ తర్వాత అప్లికేషన్ నెమ్మదిస్తే నింద జావా మీద పడుతుంది.

క్యాషే ర్యామ్‌ని మింగేస్తోందన్నది శుద్ధ అపోహ. ఎవరూ వాడని ర్యామ్‌లో కెర్నెల్ ఇంతకుముందు చదివిన, రాసిన ఫైలు పేజీలను దాచి ఉంచుతుంది, అదే పేజ్ క్యాషే. ఏ ప్రోగ్రామైనా మెమరీ అడిగితే, డిస్కులో నకలున్న పేజీలను వదిలేసి ఆ చోటు ఇచ్చేస్తుంది. అలా ఎంత ఇవ్వగలదో 2014లో వచ్చిన 3.14 వెర్షన్ నుంచి తానే అంచనా కట్టి చెబుతోంది. ‘ఫ్రీ’ కమాండ్ చూపే చివరి నిలువు వరుస ‘అవైలబుల్’ అదే. చూడాల్సిన అంకె అది. ఇన్నేళ్ల తర్వాత కూడా దాన్ని వదిలేసి ‘ఫ్రీ’ వరుస చూసి బెదిరిపోవడానికి సాకు లేదు.

నష్టం ఎక్కడ జరుగుతుందో మెసేజ్‌లు చేరవేసే కాఫ్కాలో స్పష్టంగా కనిపిస్తుంది. అది మెసేజ్‌లను జావా హీప్‌లో పేర్చుకోదు, పేజ్ క్యాషేనే నమ్ముకుంటుంది. ఎన్‌క్రిప్షన్ లేనప్పుడు ‘ట్రాన్స్‌ఫర్‌టు’ మెథడ్ ద్వారా ‘సెండ్‌ఫైల్’ పిలిచి, డేటాను హీప్‌లోకి తేకుండానే సాకెట్‌కి పంపుతుంది. గంటగంటకూ క్యాషే ఊడ్చేస్తే, కాస్త వెనకబడిన కన్స్యూమర్ కోసం అదే డేటాను మళ్లీ డిస్కు నుంచి తేవాలి. వంటగట్టు మీద చేతికందే డబ్బాలన్నీ అటకెక్కించి, గట్టు ఖాళీ అయిందని సంతోషించడమే ఇది. పైగా 3 అని రాస్తే ఫైళ్ల పేర్లు, ఐనోడ్ల వివరాలు దాచిన క్యాషే కూడా పోతుంది. పరీక్షలకు, డీబగ్గింగ్‌కు తప్ప దీన్ని వాడవద్దని కెర్నెల్ డాక్యుమెంటేషనే చెబుతోంది.

హీప్ ఎంత పెంచితే అంత వేగమన్న నమ్మకమూ ఇలాంటిదే. 64 జీబీల్లో 56 హీప్‌కే రాసిచ్చేస్తే ఫైళ్లకు మిగిలేదేమిటి? సెర్చ్ ఇంజన్ అయిన ఇలాస్టిక్‌సెర్చ్ లోపలి లూసీన్ ఇండెక్స్ ఫైళ్లను ఎంమ్యాప్‌తో చదువుతుంది, అందుకే ర్యామ్‌లో సగానికి మించి హీప్‌కి ఇవ్వవద్దని దాని తయారీదారులే సూచిస్తారు. హీప్ సుమారు 32 జీబీలు దాటితే మామూలు సెట్టింగుల్లో 4 బైట్ల పాయింటర్లు 8 బైట్లవుతాయి. అంటే పెంచిన చోటులో కొంత వాటికే పోతుంది.

ఇలాంటి అపోహలు ఇంకా ఉన్నాయి. బూట్‌లో ‘ఎలివేటర్ నూప్’ పెట్టి నూప్ అనే డిస్కు షెడ్యూలర్‌ని ఎంచుకుంటే డిస్కు పరుగెడుతుందట. 2019 నాటి 5.0 కెర్నెల్‌లో ఆ షెడ్యూలర్‌నే తీసేశారు. జావాలో ‘ఫ్లష్’ పిలిస్తే డేటా డిస్కుకి చేరినట్టేనట. చేరేది కెర్నెల్ దాకానే, డిస్కు వరకు వెళ్లాలంటే ఫైల్‌ఛానల్ మీద ‘ఫోర్స్’ పిలవాలి.

జావాలోని ఎన్ఐఓ వాడితేనే వేగం అన్న మాటలో మాత్రం కొంత నిజం ఉందని ఒప్పుకోవాలి. వేల నెట్‌వర్క్ కనెక్షన్లను ఈపోల్ ఆధారంగా కొద్ది థ్రెడ్లతో నడపడానికి సెలెక్టర్లు నిజంగా పనికొస్తాయి. అయితే ఫైల్‌ఛానల్‌ని సెలెక్టర్‌కి తగిలించడం కుదరదు. 2023లో జావా 21తో వర్చువల్ థ్రెడ్లు స్థిరపడ్డాక నెట్‌వర్క్ పనిలోనూ సెలెక్టర్ల అవసరం తగ్గింది.

అసలు జాప్యం చాలాసార్లు కోడ్‌లోనే ఉంటుంది. బఫర్ లేని ఫైల్‌ఇన్‌పుట్‌స్ట్రీమ్‌తో 10 ఎంబీల ఫైలును బైటు బైటుగా చదివితే కోటికి పైగా సిస్టమ్ కాల్స్. దానికి బఫర్డ్‌ఇన్‌పుట్‌స్ట్రీమ్ తొడిగితే, మామూలుగా ఉండే 8,192 బైట్ల బఫర్‌తో సుమారు 1,280 చాలు. కాబట్టి ముందు ఆ క్రాన్ లైను తీసేయాలి. తర్వాత వీఎంస్టాట్‌లో డిస్కు నుంచి వచ్చే బ్లాకుల లెక్క, ప్రాసెసర్ డిస్కు కోసం ఆగే శాతం ఒకరోజంతా గమనించాలి. సిస్టమ్ కాల్స్ లెక్క కావాలంటే ఎస్ట్రేస్ ఉంది, కానీ అది ప్రాసెస్‌ని బాగా నెమ్మదింపజేస్తుంది కాబట్టి టెస్ట్ సర్వర్‌లోనే నడపాలి.