పింగ్: పోయిన ప్యాకెట్‌కు ఒక చుక్క

దూరంగా ఉన్న కంప్యూటర్ నెట్‌వర్క్‌లో పలుకుతోందో లేదో చెప్పే చిన్న ప్రోగ్రాం పింగ్. 1983 డిసెంబరులో అమెరికా సైన్యానికి చెందిన బాలిస్టిక్ పరిశోధనాలయంలో మైక్ మూస్ దీన్ని రాశాడు. అక్కడి నెట్‌వర్క్ ఎందుకో మొరాయిస్తుంటే, కారణం వెతకడానికి రాత్రికి రాత్రే కూర్చున్నాడు. ప్రోగ్రాం సిద్ధమైంది కానీ, అవతలి కంప్యూటర్‌ను పలకరించే సందేశాలను పంపే వీలు ఆపరేటింగ్ సిస్టమ్‌లోనే లేదు. పట్టుదలగా ఆ భాగాన్నీ రాసి, తెల్లవారేలోపు ముగించాడు. అప్పటికే తోటి ఉద్యోగి చెడిన పరికరాన్ని బాగుచేసేశాడు! పేరు మాత్రం జలాంతర్గాముల సోనార్ చేసే చప్పుడు నుంచి వచ్చింది.

పని తీరూ సోనార్‌దే. పింగ్ ఒక ప్రతిధ్వని అభ్యర్థనను ప్యాకెట్‌గా, అంటే చిన్న డేటా మూటగా, పంపుతుంది. అవతలి యంత్రం దాన్నే జవాబుగా తిప్పి పంపుతుంది. వెళ్లిరావడానికి పట్టిన సమయం మిల్లీసెకన్లలో తెరమీద పడుతుంది. ఈ సందేశాల పద్ధతి 1981లోనే ఇంటర్నెట్ ప్రమాణాల్లో ఉంది. మూస్ దానికి చేతికందే రూపమిచ్చాడు.

అసలు నేర్పు ఆ తెరలోనే ఉంది. సెకనుకొక ప్యాకెట్, వచ్చిన జవాబుకొక వరుస, వరుసకొక క్రమసంఖ్య. 6 తర్వాత 8 కనిపిస్తే 7 దారిలో పోయినట్టే. వేగంగా పంపే మరో పద్ధతి ఇంకా పొదుపైనది: ప్యాకెట్ వెళ్లగానే ఒక చుక్క పడుతుంది, జవాబు రాగానే ఒక చుక్క చెరుగుతుంది. తెరమీద మిగిలిన చుక్కలే నష్టం లెక్క. ఇంతకన్నా తక్కువ గీతలతో ఇంత చెప్పిన తెర అరుదు. ఒక నెట్‌వర్క్ నిర్వాహకుడైతే లోపం వెతకడానికి తెర చూడటం కూడా మానేశాడని మూస్ చెప్పేవాడు. జవాబు వచ్చినప్పుడల్లా కంప్యూటర్ చేత ‘పింగ్’ అని పలికించి, స్టీరియో శబ్దం పెంచి, భవనమంతా తిరుగుతూ కేబుల్ కనెక్టర్లను కదిపాడట. ఎక్కడ కదిపితే శబ్దం ఆగిందో అక్కడే లోపం.

పింగ్‌కు జవాబు రాకపోతే అవతలి యంత్రం ఆగిందని అర్థం కాదు. ఫైర్‌వాల్ అడ్డుకుని ఉండవచ్చు. జవాబు వచ్చినంత మాత్రాన వెబ్ పేజీ తెరుచుకుంటుందనీ కాదు. అందుకే 2007 జనవరిలో జనానికి అందిన విండోస్ విస్టా, ఇంటర్నెట్ ఉందో లేదో తేల్చడానికి పింగ్‌ను నమ్ముకోలేదు. ఒక చిన్న టెక్స్ట్ ఫైలును వెబ్ నుంచి తెచ్చి, అందులో ఉండవలసిన అక్షరాలే ఉన్నాయా అని చూసేది. హోటల్ వైఫై ఆ ఫైలుకు బదులు లాగిన్ పేజీని అంటగడితే అక్షరాలు కలిసేవి కావు. అప్పుడు తెర మూలనున్న నెట్‌వర్క్ గుర్తు, కనెక్షన్ బాగున్నా సరే, ఇంటర్నెట్ లేదనే చూపించేది.