వేసవి మల్లె

మాఘమాసపు చలి తగ్గి ఎండ ముదరడం ఆరంభించగానే నెల్లూరు తీరంలోని ఇసుక పెరళ్ళలో మల్లెపొదలు మొగ్గ తొడుగుతాయి. అంతవరకు కొమ్మలు కత్తిరింపబడి, నీరులేక, మోడువారినట్లు కనిపించిన పొద కొద్ది వారాలలోనే లేత ఆకుపచ్చని చిగుళ్ళతో నిండి, ఆ చిగుళ్ళ కొనలలో ముత్యాలవంటి మొగ్గలను ధరిస్తుంది. తక్కిన మొక్కలు వాడిపోయే ఋతువులో మల్లె వికసిస్తుంది. అమరకోశం మల్లికకు చెప్పిన పర్యాయపదాలలో 'శీతభీరువు' ఒకటి. చలికి భయపడేది అని దాని అర్థం. ఒక్క మాటలో మొక్క స్వభావాన్నంతటినీ ఇమిడ్చిన పేరు ఇంతకంటె వేరొకటి దొరకదు.

మల్లె శాస్త్రీయనామం జాస్మినం సంబాక్. 1753లో లిన్నేయస్ దీనిని పారిజాతం చెందిన ప్రజాతిలోనే చేర్చాడు. 1789లో ఐటన్ అనే ఉద్యానశాస్త్రజ్ఞుడు దీనిని అక్కడినుండి తప్పించి జాజి, సన్నజాజి మొదలైనవాటి సరసన నిలిపాడు. అయినప్పటికీ మల్లె, పారిజాతం రెండూ ఆలివు చెట్టు కుటుంబానికి చెందినవే కనుక లిన్నేయస్ పొరపాటు పెద్దదేమీ కాదు. మల్లెలో రేకల వరుసలను బట్టి రేకమల్లె, దొంతరమల్లె, బొండుమల్లె అనే భేదాలు ఉన్నాయి. పెరటి మల్లె కాయ కాయడం చాలా అరుదు. అందుచేత దీనిని కొమ్మ నాటియో, అంటు తొక్కియో పెంచుతారు. ఒక ఇంటి పొద నుండి పొరుగింటికి, పుట్టింటి నుండి అత్తవారింటికి కొమ్మ ద్వారానే మల్లె వ్యాపించింది.

తీరసీమలో మల్లెను గూర్చి చెప్పవలసివచ్చినప్పుడు ముందుగా నీటిని గూర్చి చెప్పవలసి ఉంటుంది. పెన్నానది సముద్రంలో కలిసే చోటికి ఉత్తర దక్షిణాలలో సముద్రపు ఒడ్డు వెంబడి ఇసుకనేల పరచుకొని ఉన్నది. వర్షపు నీరు ఆ ఇసుకలో ఇంకి, అడుగున ఉన్న ఉప్పునీటిపై పలుచని పొరవలె తేలి నిలుస్తుంది. మంచినీరు ఉప్పునీటికంటె తేలిక కావడమే దీనికి కారణం. ఈ రహస్యాన్ని గ్రహించిన తీరవాసులు లోతైన బావులు త్రవ్వక, కొద్ది అడుగుల లోతున వెడల్పైన గుంటలు త్రవ్వుకొన్నారు. వీటినే దొరువులు అంటారు. దొరువులోనికి మెట్లవలె చేసిన వాలు గుండా దిగి, కడవలు ముంచుకొని, మొక్క మొక్కకు పోయడం పూర్వపు పద్ధతి. దొరువులో నీరు ఊరినంతే తోడుకోవాలి. ఆశకు పోయి ఎక్కువ తోడితే అడుగునున్న ఉప్పునీరు పైకి వస్తుంది. మల్లె ఇసుకనేలను ఇష్టపడుతుంది, వేరు చుట్టూ నీరు నిలవడాన్ని సహించదు, ఉప్పును అసలే ఓర్వదు. కనుక దొరువు నీరు తీయగా ఉన్నంతకాలమే ఆ పెరటిలో మల్లె ఉంటుంది.

ఈ సమతుల్యం గత కొన్ని దశాబ్దాలలో చాలాచోట్ల చెదిరింది. ఒకవైపు విద్యుత్తు మోటార్లు వచ్చి దొరువులు తోడే వేగం పెరిగింది. మరొకవైపు 1990 తరువాత ఈ తీరమంతటా రొయ్యల చెరువులు విస్తరించాయి. పొలాల నడుమ ఉప్పునీరు నిలిపినప్పుడు అది ప్రక్కనున్న ఇసుకలోనికి దిగకుండా ఆపడం సులభం కాదు. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరప్రాంతపు రొయ్యల సాగును గూర్చి తీర్పు చెబుతూ, త్రాగునీరు, సాగునేల ఉప్పుబారడాన్ని ప్రస్తావించింది. 2005లో తీరప్రాంత ఆక్వాసాగుకు ప్రత్యేక చట్టం వచ్చింది. రొయ్యల సాగు ఎందరికో జీవనాధారమైన మాట నిజమే. అయితే దొరువు ఉప్పుబారిన ఇంటివారికి మొదట తెలియవచ్చేది త్రాగేనీటి రుచి కాదు; అంతకుముందే మల్లె ఆకు అంచులు మాడిపోతాయి.

మల్లెసాగులో కష్టమంతా చివరి ఘడియలలోనే ఉన్నది. మార్గశిర పుష్యమాసాలలో నీరు ఆపి, ఆకు రాల్చి, కొమ్మలు కత్తిరించి, ఎరువు వేసి తిరిగి తడిపితే పొద చిగురించి పూతకు వస్తుంది. ఇదంతా తీరికగా జరిగే పని. కోత మాత్రం అట్లా కాదు. బాగా ఎదిగి, తెల్లబడి, ఆ సాయంత్రమే విచ్చుకోబోయే మొగ్గను తెల్లవారుజామున గుర్తించి కోయాలి. ఒకరోజు ముందు కోస్తే పచ్చిగా ఉండి విచ్చుకోదు. ఒకపూట ఆలస్యమైతే పొదమీదనే విచ్చుకొని ఎవరికీ పనికిరాదు. మొగ్గతొలుచు పురుగు పట్టినది, ఊదారంగు తిరిగినది ఏరివేయాలి. ఎండ ఎక్కేలోపల బుట్టలు కట్టి, తడిగుడ్డ కప్పి, బజారుకు చేర్చాలి. ఏ పెండ్లిండ్లూ లేని రోజున పూత విరగబూస్తే ఆ రోజు కూలి కూడా గిట్టుబాటు కాదు. నిల్వ చేసికొని రేపు అమ్ముదామనడానికి మల్లె ధాన్యం కాదు కదా!

బజారులో మల్లెదండకు కొలత మూర. మోచేతి నుండి వ్రేలికొన వరకు ఉన్న పొడవే మూర కనుక అమ్మే ఆమె చేతిని బట్టి మూర మారుతుంది. పొడవైన చేయి గల పూలమ్మి వద్దకే తెలిసినవారు వెళ్ళడం పరిపాటి. దండ కట్టడానికి పూర్వం అరటినారను తడిపి, సన్నగా చీల్చి వాడేవారు. ఇప్పుడు దారమే ఎక్కువ. నార పూవును కోయకుండా పట్టి ఉంచుతుంది, పైగా తానూ పరిమళిస్తుంది. పూలతోపాటు నారకూ తావి అబ్బుతుందనే లోకోక్తి ఈ దండ నుండే పుట్టినది. మరువం, దవనం, కనకాంబరం చేర్చి కట్టితే అది కదంబమాల.

కోసిన తరువాత కూడా పరిమళాన్ని పుట్టించగల శక్తి మల్లెకు ఉన్నది. చీకటి పడిన తరువాత విచ్చుకొనే ఈ పూవు తెలుపుతోను, తావితోను రాత్రి తిరిగే చిమ్మటలను పిలుస్తుంది. ఈ గుణాన్ని ఆధారం చేసుకొనియే సుగంధతైలం తీసే పాతపద్ధతి ఏర్పడింది. పొట్టు తీసిన నువ్వులను, పూలను పొరలు పొరలుగా పరచి, వాడిన పూలను తీసివేస్తూ క్రొత్తపూలు వేస్తూ ఉంటే నువ్వుల లోని నూనె తావిని పీల్చుకొంటుంది. తరువాత ఆ నువ్వులను గానుగ ఆడితే పరిమళతైలం వస్తుంది. చీనాదేశంలో తేయాకుకు తావి పట్టించడం కూడా ఈ మల్లెతోనే, ఇంచుమించు ఈ పద్ధతిలోనే జరుగుతుంది.

తెలుగు ఇంటిలో బాలికకు పూలజడ వేయడంతో మొదలై వివాహం, సీమంతం వరకు ప్రతి శుభకార్యంలోను మల్లె ఉంటుంది. దేవాలయంలో అర్చనకు, దర్గాలో సమాధిపై కప్పే పూలచాదరుకు కూడా అది వెళ్తుంది. ఇంత ప్రియమైన పూవును భర్త మరణించిన స్త్రీ తలలో పెట్టుకోరాదని లోకం శాసించింది. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించిన నాటినుండి ఎన్ని మార్పులు వచ్చినా, ఈ నిషేధం చాలా ఇళ్ళలో మాట రూపంలో కాకపోయినా చూపు రూపంలో మిగిలే ఉన్నది.

మల్లెకు మరొక ఉపయోగం ఉన్నది. దానిని గూర్చి స్త్రీలు తమలో తాము తప్ప బహిరంగంగా మాట్లాడుకోరు. పుట్టిన శిశువు దక్కనప్పుడు తల్లికి పాలు మాత్రం ఆగవు. రొమ్ములు గడ్డకట్టి, జ్వరం వచ్చి, శోకానికి శరీరబాధ తోడవుతుంది. అటువంటి సమయంలో ఇంటిలోని పెద్ద స్త్రీలు మల్లెదండలు తెచ్చి ఆ తల్లి రొమ్ములకు కట్టేవారు. వాడినవి తీసి క్రొత్తవి కట్టుతూ కొన్నాళ్ళు గడిస్తే పాలు క్రమంగా ఇంకేవి. బిడ్డచేత పాలు మాన్పించడానికి కూడా ఈ ఉపాయం వాడేవారు. ఇది దక్షిణదేశమంతటా తెలిసిన వైద్యమే.

ఈ నమ్మకాన్ని వేలూరులోని క్రిస్టియన్ మెడికల్ కళాశాల వైద్యులు పరీక్షించి, ఫలితాలను 1988లో ప్రకటించారు. పాలు ఆపవలసిన బాలింతలలో కొందరికి బ్రోమోక్రిప్టిన్ అనే మందు ఇచ్చారు, మరికొందరికి మల్లెపూలు కట్టారు. రక్తంలో పాలను ఉత్పత్తి చేయించే ప్రోలాక్టిన్ రెండు వర్గాలలోను తగ్గింది. మందు వాడినవారిలో ఆ తగ్గుదల ఎక్కువ. కాని పాలు తగ్గడంలోను, వాపు నొప్పులు తగ్గడంలోను రెండూ సమానంగానే పనిచేశాయి. ఖరీదైన మందు కొనలేని వారికి పూలు చవకైన ప్రత్యామ్నాయం కాగలవని వారు భావించారు. ఇప్పటికీ జ్వరమో, గడ్డయో కనిపిస్తే వైద్యుని వద్దకు వెళ్ళక తప్పదు. పాలు ఇవ్వదలచిన తల్లి ఈ పూలను ఎదపై కట్టుకోకపోవడం మేలు.

పెరటిమల్లెకు అడవిలో చుట్టాలు ఉన్నారు. 2022లో తిరుపతి జిల్లాలో చేరేవరకు నెల్లూరు జిల్లాలోనిదైన శ్రీహరికోట దీవిలో, ఎప్పుడూ పచ్చగా ఉండే పొట్టి అడవులలో సన్నని ఆకులు గల అడవిమల్లె పొదలను అల్లుకొని పెరుగుతుంది. ఆ అడవిలోని ప్రతి తీగను, దుంపను ఎరిగినవారు అక్కడి యానాదులు. 1971లో మొదటి రాకెట్టు ఎగిరిన తరువాత దీవి రోదసీ కేంద్రమై, యానాదుల జీవనం మారిపోయింది. ప్రవేశం కట్టుబాటైనందువలన అడవి మాత్రం చాలావరకు నిలిచింది. ఎండాకాలపు రాత్రులలో అడవిమల్లె ఇప్పటికీ అక్కడ పూస్తూనే ఉన్నది. దాన్ని కోసి మూరవేసి అమ్మేవారు మాత్రం లేరు.