ఒంటిగంట దాకే దాని పెత్తనం

సుల్తానాబాద్‌లో ఫిజిక్స్ చెప్పేవాడికి ప్రయోగశాల వెతుక్కునే పనిలేదు. ఎటు చూసినా రైసుమిల్లులే. యాసంగి వడ్లు దిగే రోజుల్లో రాజీవ్ రహదారి పక్కన లారీలు, ఉడికిన వడ్ల వాసన, కనురెప్పల మీద ఊక దుమ్ము. వృత్తాకార చలనం పాఠం వచ్చినప్పుడల్లా ఇంటర్ పిల్లలను తెలిసిన మిల్లుకు తీసుకుపోతాను. అక్కడి మిస్త్రీ పెద్దగా చదువుకోలేదు గానీ పాఠం సగం ఆయనే చెప్పేస్తాడు.

"సార్, మిషిన్ ఎత్తుకునేటప్పుడు పాడయ్యేటియి వేరు, ఫుల్ స్పీడుల పాడయ్యేటియి వేరు. ఎత్తుకునేటప్పుడు బెల్టు జారుతది, కీ కట్టయితది. స్పీడు అందుకున్నంక అయితే అంచుకున్నది ఊడి అవతల పడ్తది."

ఆయన చెప్పిన ఆ రెండు రకాల నష్టాల వెనక ఉన్నవి రెండు త్వరణాలు. వాడుకలో త్వరణం అంటే జోరు పెరగడమే అనుకుంటాం. లెక్కలో జోరు మారినా త్వరణమే, జోరు అలాగే ఉండి దారి మళ్లినా త్వరణమే. గుండ్రంగా తిరిగేది ప్రతి క్షణం మళ్లుతూనే ఉంటుంది కాబట్టి ఇరుసు వైపు త్వరణం ఒకటి దానికి ఎప్పుడూ ఉంటుంది. అది అభికేంద్ర త్వరణం. తిరిగే జోరు కూడా మారుతుంటే అంచు వెంబడి ఇంకొకటి తోడవుతుంది, దాన్ని స్పర్శీయ త్వరణం అంటారు. ఈ రెండూ ఒకదానికొకటి లంబంగా ఉంటాయి. అందుకే లోపలి వైపుది ఎంత పెద్దదైనా జోరును రవ్వంత పెంచలేదు, తగ్గించలేదు.

మిల్లు ఆగి ఉన్నప్పుడు పెద్ద పుల్లీ అంచు మీద సుద్దతో చుక్క పెట్టిస్తాను. ఇరుసు నుంచి అది అర మీటరు దూరం అనుకుందాం. స్విచ్ వేశాక 10 సెకన్లలో నిమిషానికి 300 చుట్ల వేగం అందుకుంది అనుకుందాం. అప్పటికి చుక్క సెకనుకు 15.7 మీటర్లు పరుగెడుతుంది. జోరు సమంగా పెరిగితే స్పర్శీయ త్వరణం 1.57, అంటే సెకను సెకనుకూ వేగానికి 1.57 మీటర్లు చేరుతున్నాయి. అభికేంద్ర త్వరణం కావాలంటే వేగాన్ని వేగంతోనే గుణించి వ్యాసార్ధంతో భాగించాలి. ఫుల్ స్పీడులో అది 493, భూమ్యాకర్షణకు 50 రెట్లు. 1.57 ఎక్కడ, 493 ఎక్కడ!

కానీ స్విచ్ వేసిన క్షణాన వేగం లేదు కాబట్టి లోపలి త్వరణమూ లేదు, స్పర్శీయ త్వరణానిదే పైచేయి. మరి ఆ పైచేయి ఎంతసేపు? పిల్లలు ఐదు సెకన్లంటారు, మూడంటారు. నిజానికి అర సెకను దాటగానే లోపలి త్వరణం దాన్ని అందుకుంటుంది. చుక్క అంచు మీద నడిచిన దూరం వ్యాసార్ధంలో సగం కాగానే రెండూ సమానం. కోణంలో చెబితే దాదాపు 29 డిగ్రీలు. గడియారంలో పన్నెండు నుంచి ఒంటిగంటకు ముల్లు తిరిగేంత. ఈ పాఠంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన విషయం ఇదే, ఎందుకంటే ఇందులో పుల్లీ సైజుతో పనిలేదు, మోటారు బలంతో పనిలేదు. ఆగి ఉన్న స్థితి నుంచి సమంగా జోరు అందుకునే ఏ చక్రానికైనా ఇదే కోణం. ఒక చుట్టు పూర్తయ్యేసరికి లోపలిది పన్నెండున్నర రెట్లు అయి ఉంటుంది. అభికేంద్ర త్వరణానికి వాడిన వేగ వర్గం లెక్కను శాస్త్రవేత్త హైగెన్స్ 1673లో లోలకపు గడియారాల మీద రాసిన పుస్తకం చివర అచ్చు వేయించాడు.

మిస్త్రీ జాగ్రత్తలు కూడా రెండు రకాలు. ఎత్తుకునేటప్పటి నష్టానికి స్టార్ డెల్టా స్టార్టర్, అంటే మోటారును మొదట స్టార్ కనెక్షన్‌లో, తర్వాత డెల్టాలో నడిపేది. స్టార్‌లో మోటారు బలం మూడో వంతే ఉంటుంది, బెల్టు కీచుమనకుండా మెల్లగా ఎత్తుకుంటుంది. ఫుల్ స్పీడు నష్టానికి ఆయన గ్రైండింగ్ చక్రం మీద అచ్చువేసిన చుట్ల సంఖ్య చూపిస్తాడు. అంతకు మించి తిప్పితే చక్రం ముక్కలవుతుంది. జోరు రెట్టింపైతే లోపలికి పట్టి ఉంచాల్సిన బలం నాలుగింతలు కావాలి మరి.

ఇదే రాజీవ్ రహదారి మీద రామగుండం పోతే ఈ లెక్క భయపెడుతుంది. 1983లో మొదటి యూనిట్ నడిచిన ఎన్టీపీసీ విద్యుత్ కేంద్రంలో టర్బైన్లు నిమిషానికి 3000 చుట్లు తిరుగుతాయి. సెకనుకు 50 చుట్లు కాబట్టే మన కరెంటు 50 హెర్ట్జ్. అక్కడ ఇరుసుకు మీటరు దూరంలో ఉన్న కిలో ఉక్కుముక్కను పట్టి ఉంచడానికి పది టన్నుల బరువుకు సరిపడా బలం కావాలి.

మళ్లీ మిల్లుకు వస్తే, కరెంటు పోయినప్పుడు స్పర్శీయ త్వరణం వెనక్కి తిరుగుతుంది. పుల్లీ సమంగా నెమ్మదిస్తుంటే ఆగడానికి ముందు చివరి 29 డిగ్రీల్లో మళ్లీ దానిదే పైచేయి.

మిల్లు గేటు బయట రోడ్డు మలుపులోనూ ఈ రెండూ ఉన్నాయి, కాకపోతే అక్కడ రెంటికీ కలిపి ఉన్నది టైరు పట్టు ఒక్కటే. బస్తాల లారీ 20 కిలోమీటర్ల బదులు 40తో తిరిగితే లోపలి వైపు నాలుగు రెట్ల త్వరణం కావాలి. పాత డ్రైవర్లు తిన్నని రోడ్డు మీదే బ్రేకు తొక్కి, కాలు తీసి మలుపులోకి దిగుతారు. కొత్తవాళ్లు మలుపు మధ్యలో తొక్కుతారు. అప్పటికే పట్టులో ఎక్కువ భాగం బండిని మళ్లించడానికే ఖర్చయి ఉంటుంది, బ్రేకుకు మిగిలేది కొంచెం. వాన పడి ఊక రోడ్డుకు అంటుకున్న రోజున ఆ కొంచెమూ ఉండదు.