ఆడిటరు సంతకం – దాని వెనుకనున్న బాధ్యత

వాణిజ్యశాస్త్రం చదువుకొంటున్న మన విద్యార్థులలో పలువురికి చార్టర్డ్ అకౌంటెంటు కావాలన్న అభిలాష ఉన్నది. ఆ వృత్తిలోని గౌరవం, ఆదాయం అందరి కంటికీ కనిపిస్తాయి. దానిని నీడవలె వెన్నంటి ఉండే బాధ్యత మాత్రం అంత సులభంగా కనిపించదు. ఆస్తి అప్పుల పట్టీ కింద ఆడిటరు చేసిన సంతకాన్ని నమ్మి, ఆయన ఎన్నడూ ముఖం చూడని వేలాదిమంది తమ పొదుపు సొమ్మును వాటాలలో పెడతారు. కనుక ఆ సంతకం ఒక అమానత్. దానికి భంగం కలిగితే ఆడిటరు ఎవరికి, ఎంతవరకు జవాబుదారు? ఈ ప్రశ్నను సంగ్రహంగా పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ విషయంలో తొలి సూత్రాలను ఆంగ్ల న్యాయస్థానాలు ఏర్పరచినవి. 1896లో కింగ్‌స్టన్ కాటన్ మిల్ వ్యాజ్యంలో, ఆడిటరు కావలికుక్క వంటివాడే గాని వేటకుక్క కాడని న్యాయమూర్తి అభిప్రాయపడినారు. అనగా మోసం జరిగి ఉంటుందన్న ముందస్తు నిశ్చయంతో ఆయన పని ప్రారంభించనక్కరలేదు. అయితే అనుమానానికి తావిచ్చే అంశం కంటబడితే దానిని తుదివరకు శోధించి తీరవలెను. 1963లో హెడ్లీ బర్న్ వ్యాజ్యంలో, ఒప్పందం లేకపోయినప్పటికీ, తన మాటపై ఎదుటివాడు ఆధారపడతాడని తెలిసి అజాగ్రత్తగా సలహా ఇచ్చిన నిపుణుడు నష్టానికి బాధ్యుడు కావచ్చునని నిర్ణయించారు. సలహాదారులందరికీ ఈ సూత్రం వర్తిస్తుంది. 1990లో కపారో వ్యాజ్యం ఈ బాధ్యతకు ఒక హద్దు గీసినది. ఆడిటు నివేదిక వాటాదారుల సమష్టి ప్రయోజనానికి ఉద్దేశించినదే గాని, దానిని చూసి వాటాలు కొన్న ప్రతి వ్యక్తికీ హామీపత్రం కాదని ఆ తీర్పు సారాంశం.

సూత్రం అట్లుండగా, దాని ఆచరణకు ఉదాహరణ మన హైదరాబాదులోనే ఉన్నది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్ సర్వీసెస్ అధ్యక్షుడు రామలింగరాజు, కంపెనీ లెక్కలలో చూపిన నగదు, బ్యాంకు నిల్వలలో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనే లేవని లేఖ ద్వారా వెల్లడించారు. ఆ లెక్కలను తనిఖీ చేసినది ప్రైస్ వాటర్‌హౌస్ సంస్థ. బ్యాంకు నిల్వల ధ్రువీకరణ పత్రాలను ఆడిటరు నేరుగా బ్యాంకుల నుండి తెప్పించుకోవలెను. ఆ పనిని కంపెనీ యాజమాన్యానికే వదలివేసినట్లు అమెరికా సెక్యూరిటీస్ కమిషన్ తేల్చినది. 2011లో ఆ కమిషన్‌కు 60 లక్షల డాలర్లు, అక్కడి ఆడిటు పర్యవేక్షణ మండలికి 15 లక్షల డాలర్లు జరిమానాగా చెల్లించడానికి ఆ సంస్థలు అంగీకరించినవి. 2015 ఏప్రిల్‌లో హైదరాబాదు ప్రత్యేక న్యాయస్థానం దోషులుగా నిర్ణయించిన పదిమందిలో ఇద్దరు ఆడిటర్లు ఉన్నారు. వారు అప్పీలు చేసుకోగా శిక్షల అమలు నిలిపివేయబడినది.

ఆ సంస్థ రెండేళ్లపాటు లిస్టెడ్ కంపెనీల ఆడిటు చేయరాదని 2018లో సెబీ నిషేధించగా, 2019లో అప్పీలు ట్రిబ్యునల్ ఆ నిషేధాన్ని రద్దు చేసినది. నిర్లక్ష్యం వేరు, మోసంలో భాగస్వామ్యం వేరు అన్న భేదం ఈ వివాదమంతటికీ కీలకం. మొదటిదానికి నష్టపరిహారం, వృత్తిపరమైన క్రమశిక్షణ చర్య సాధారణ ఫలితాలు. రెండవది కారాగారానికి దారి తీస్తుంది.

అనంతరం వచ్చిన 2013 కంపెనీల చట్టం ఈ బాధ్యతను మరింత బిగించినది. లిస్టెడ్ కంపెనీలలో ఒక ఆడిటు సంస్థ అయిదేళ్ల చొప్పున రెండు పర్యాయాలకు మించి వరుసగా కొనసాగరాదు. కోటి రూపాయలు, అంతకు మించిన మోసం దృష్టికి వస్తే ఆడిటరు కేంద్ర ప్రభుత్వానికి తెలియజేయవలెను. ఈ చట్టం కిందనే 2018లో జాతీయ ఆర్థిక నివేదన ప్రాధికార సంస్థ ఏర్పడినది.

భాగస్వామ్య సంస్థలలో మరొక చిక్కు ఉన్నది. 1932 చట్టం ప్రకారం ఒక భాగస్వామి చేసిన తప్పుకు మిగిలినవారి సొంత ఆస్తులు సైతం బాధ్యత వహించవలెను. 2008లో వచ్చిన పరిమిత బాధ్యత భాగస్వామ్య చట్టం ఇతరుల తప్పు నుండి రక్షణ కల్పించినది. తన తప్పు నుండి మాత్రం ఎవరికీ రక్షణ లేదు. వృత్తిపరమైన బాధ్యతా బీమా కూడా పొరపాటును భరిస్తుందే గాని, తెలిసి చేసిన మోసాన్ని భరించదు.

కావున నిజమైన రక్షణ పని విధానంలోనే ఉన్నది. చేపట్టిన పని పరిధిని ముందుగానే వ్రాతపూర్వకంగా నిర్ణయించుకోవలెను. ప్రతి పరిశీలనకు కాగితంపై ఆధారం నిలుపుకోవలెను. ధ్రువీకరణలను స్వయంగా తెప్పించుకోవలెను. ఫీజు ఇచ్చేది యాజమాన్యమైనా, నివేదిక వాటాదారులదని మరువరాదు. రేపు ఈ వృత్తిలో ప్రవేశించబోయే మన విద్యార్థులు కూడికలు, తీసివేతలతో పాటు, సంతృప్తికరమైన ఆధారం లభించనప్పుడు కలం పక్కన పెట్టగల ధైర్యాన్ని కూడా ఇప్పటినుండే అలవరచుకోవలెను.