ప్రళయకావేరి తీరమున

ప్రయాణమనిన మన యిండ్లలో తీర్థయాత్రయో పుట్టింటి పయనమో యని యర్థము. ఇసుకదిబ్బలను, ఉప్పుకయ్యలను, పరదేశీయులు కట్టి విడిచిన కోటలను చూడబోవుచున్నామని చెప్పగానే మా అత్తగారు “అచట నే దేవుడున్నాడు?” అని యడిగిరి. దారిలో సూళ్లూరుపేట చెంగాళమ్మ యున్నదని మనవి చేసిన పిమ్మట గాని మాకనుజ్ఞ లభింపలేదు. ప్రవరునికి వలె పాదలేపనము లేకపోయినను బస్సులు గలవు గదా యని ధైర్యము చెప్పుకొని, మాఘమాసమున నొకనాటి వేకువను మావారును, ఆడుబిడ్డయు, మేమును బయలుదేరితిమి. పులిహోర మూట యొకటి, నీటి చెంబులు రెండు, గొడుగులు మూడు మా సామగ్రి.

నెల్లూరునకు దక్షిణమున, చెన్నపట్టణపు రైలుదారికిని బంగాళాఖాతమునకును నడుమ పులికాట్ సరస్సు పరచుకొని యున్నది. ఆ ప్రాంతపు తెలుగువారు దీనిని ప్రళయకావేరి యందురు. మన దేశమునందలి ఉప్పునీటి సరస్సులలో ఒడిశాలోని చిలక మొదటిది, ఇది రెండవది. ఉత్తర దక్షిణములుగ సుమారు 60 కిలోమీటర్ల పొడవు. అధికభాగము మన ఆంధ్రదేశమున నుండగా దక్షిణపు కొస తమిళదేశమునకు జెందినది. కాళంగి మొదలగు నదులు పడమటినుండి మంచినీరు తెచ్చి పోయుచుండ, సముద్రము తూర్పుననున్న మొగలగుండ ఉప్పునీటిని లోనికి త్రోయుచుండును. ఇంత పెద్ద సరస్సునకు లోతు సగటున నొక మీటరు మాత్రమే యని మావారు చెప్పగా, “ప్రళయమను పేరు పెట్టుకొని మోకాటిలోతా!” అని మా ఆడుబిడ్డ నవ్వెను. ఆ మోకాటిలోతు ఎట్టిదో ఆమెకును మాకును మూడవనాడు తెలిసినది.

మొదట వాకాటి మీదుగ దుర్గరాజపట్టణము చేరితిమి. పేరు పట్టణమే గాని చూచుటకు పల్లె. 1626లో ఆంగ్లేయులు మచిలీపట్టణమునుండి వచ్చి యిచట నొక గిడ్డంగి నెలకొల్పిరి. వారి వ్రాతలలో దీని పేరు ఆర్మగాను. తీరమునకు దూరముగ సముద్రములో నొక ఇసుకమెట్ట నీటియడుగున నుండుటచేత దానికిని ఒడ్డునకును నడుమ ఓడలు నిలుచుటకు కొంత నెమ్మది దొరకెడిది. గిడ్డంగిచుట్టు 12 ఫిరంగులు నిలిపి కోటవలె చేసికొనిరి. అయినను వారికి కావలసిన మేలైన నేతబట్టలు ఇచట చాలినన్ని దొరకలేదు. ఇచటి యధికారియైన ఫ్రాన్సిసు డే దక్షిణమునకు వెడలి, 1639లో మన తెలుగు నాయకుడగు దామెర్ల వేంకటాద్రివలన మద్రాసుపట్టణపు నేలను సంపాదించెను. మఱుసటి యేట ఆర్మగాను సామాను యావత్తు నచటికి తరలిపోయినది. చెన్నపట్టణమునకు పుట్టినిల్లు ఈ పల్లె యనవచ్చును. కూతురు మహారాణియైనది, తల్లి యింటిముందు మేకలు మేయుచున్నవి.

ఊరు దాటి తూపిలిపాలెము వైపు పోగా దిబ్బలు ప్రారంభమయినవి. పెరటిలోని ఇసుకకుప్పను, ఏటి యొడ్డు తిన్నెను మాత్రమే చూచిన కన్నులకు ఆ దిబ్బలు వేఱు. ఒక దిబ్బ నెక్కిన వెనుక నింకొకటి, దానివెనుక మఱియొకటి. సముద్రపు హోరు వినబడుచుండును గాని సముద్రము కనబడదు. ఎండ పైనుండి యొకటి, క్రిందినుండి యొకటి. గాలి మా యడుగుజాడలను మేము చూచుచుండగానే పూడ్చివేసినది. ఈ ఇసుకను కట్టి యుంచునవి రెండు మొక్కలు: ఒకటి బాలబందు తీగ, ఊదాపూలతో నేలబారుగ ప్రాకునది, రెండవది రావణాసురుని మీసము, ముండ్లబంతివలె నుండి గాలికి దొర్లుచు పోయి విత్తనము చల్లునది. ఈ పేరు పెట్టిన పల్లెవాని చమత్కారమునకు మేము జోహారు లర్పించితిమి. ఒక మీసము మా ఆడుబిడ్డ చీరచెఱగున జిక్కి రెండుమైళ్లు మాతో ప్రయాణము చేసినది.

నడిప్రొద్దునకు చెంబులు రెండును వట్టిపోయినవి. నాలుక పిడచగట్టుచుండ, సరుగుడు తోపు నీడలో నొక ముదుసలి కనబడినది. “దాహమమ్మా” యనగానే ఆమె నవ్వి, రెండు దిబ్బల నడిమి పల్లమునకు మమ్ము దీసికొనిపోయి, కూర్చుండి, చేతులతోనే ఇసుకను తోడనారంభించెను. మూరెడు లోతున తడి, ఇంకొక జానెడు లోతున నీరు. సముద్రము కూతవేటు దూరమున నుండగా ఆ నీరు కొబ్బరినీటివలె తియ్యగ నున్నది! కారణము మావారు వివరించిరి: దిబ్బలపై కురిసిన వాన యంతయు ఇసుకలోని కింకి, క్రిందనున్న ఉప్పునీటికంటె తేలికయగుటచేత దానిపైన తెట్టెవలె తేలియుండును. కనుక లోతుగ త్రవ్వరాదు, ఎక్కువ తోడరాదు. తోడినచో ఉప్పు పైకి వచ్చును. నెల్లూరు తీరమున నిట్టి గుంటలనే దొరువు లందురు. ఆ దరినున్న రాయదొరువను ఊరి పేరిట నా మాట నేటికిని నిలిచియున్నది. “బిందెకు బిందెకు నడుమ దొరువుకు ఊపిరి తీసుకోనీయాలమ్మా” అని ఆ ముదుసలి చెప్పిన మాటలో మావారి శాస్త్రమంతయు నిమిడియున్నది. దిబ్బలను త్రవ్వి ఇసుకను బండ్లకెత్తుకొనిపోవువారు ఆ తీరపు బిందెలను కూడ నెత్తుకొనిపోవుచున్నారని మాకప్పుడు తోచినది.

మఱునాడు సూళ్లూరుపేట. కాళంగి యొడ్డున చెంగాళమ్మను దర్శించితిమి. ఆ గుడికి రాత్రియు తలుపులు మూయు ఆచారము లేదు. అచటినుండి శ్రీహరికోటకు పోవు బాట సరస్సును చీల్చుకొని సాగును. 1971లో మొదటి చిన్న రాకెట్టు ఈ దీవినుండి యెగసినది. 2023 జూలై 14వ తేదీని చంద్రయాన్-3 ఇచటినుండియే చంద్రుని వైపు పయనించెను. దీవి అడవిలో తేనె, కట్టెలు, దుంపలు నమ్ముకొని బ్రదికిన యానాదులను కేంద్రము కట్టునాడు తరలించిరన్నమాట కూడ మఱువరానిది. బాటప్రక్కన గట్టుమీద నిలిచి మావారు తూర్పున రాకెట్టు కట్టడములను వెదకుచుండిరి. మాకు వానిపై దృష్టి నిలువలేదు.

ఏలనన ఎదుట రాజహంసలు. వేలకొలది! దూరమునుండి నీటిపై గులాబిరంగు అంచు కుట్టినట్లుండెను. పొడవైన కాళ్లు, అంతకు మించిన మెడ, వంకర ముక్కు. ఆ ముక్కును తలక్రిందులు చేసి బురదలో నుంచి, నాలుకతో నీటిని లోనికి లాగి వెలుపలికి నెట్టుచుండును; ముక్కు అంచులనున్న సన్నని జల్లెడలో చిన్న పురుగులు, నాచు నిలిచిపోవును. ఆ యాహారమునందలి వర్ణద్రవ్యమే ఈకలకు ఆ యెఱుపు నిచ్చునట. హంస పాలను నీటిని వేఱుచేయునని కావ్యములలో చదివి చదివి యిది కవుల యతిశయోక్తియే యనుకొనుచుంటిమి. నలునికి దూతయైన హంస ఇది కాకపోవచ్చును. అయినను బురదనుండి అన్నమును వేఱుచేయు పక్షి యొకటి నిజముగ నున్నదని చూచినపుడు ఆ కవులపై మాకు గౌరవము హెచ్చినది. సమీపముననే నేలపట్టు చెఱువున నీటనిలిచిన కడప చెట్లపై గూడబాతులు గూళ్లు కట్టును. తల్లి సరస్సులో చేపలు పట్టి గొంతుసంచిలో దెచ్చి పిల్లల కందించును. పిల్ల తన తలను తల్లి గొంతులోనికి దూర్చి తినుచుండగా మా ఆడుబిడ్డ తన కొడుకును తలచుకొని నిట్టూర్చినది.

మూడవనాడు తడకు పోయి, భీమునివారిపాలెపు రేవున పడవనెక్కి ఇరకము దీవికి పోతిమి. మేము పోయిననాడు ఆ దీవికి పడవయే గతి. ఊరు, పొలములు, గుడి, బడి యన్నియు నుప్పునీటి నడుమనున్నవి. అచటి యింట నొక యిల్లాలు మాకు రాగిసంగటి, రొయ్యల పులుసు వడ్డింప వచ్చి, మేము తినని సంగతి దెలిసి, మజ్జిగతో సత్కరించినది.

తిరుగు పడవలో మాతోబాటు నొక నిండుచూలాలిని ఎక్కించిరి. నెలలు ఇంకను నిండలేదు, నొప్పులు మాత్రము మొదలైనవి. ప్రక్కన తల్లి, కాళ్లకడ మగడు. చేతిఫోనుతో మాట్లాడి 108 బండిని రేవునకు రమ్మని చెప్పియుంచిరి. ఆ యేడు ఈశాన్యపు వానలు తక్కువ. సగము దారిలో పడవ మెట్ట తగిలి నిలిచిపోయినది. యంత్రము మొత్తుకొన్నదే గాని కదలలేదు. పడవవాడు దానినాపి గడ పట్టెను. మగవారందఱును నీటిలోనికి దిగిరి; మావారును పంచ ఎగగట్టి దిగిరి. నీరు మోకాటిలోతు, దాని క్రింద బురద తొడలోతు! ఇటు మునుగుటకు నీరు లేదు, అటు నడచుటకు నేల లేదు. మేమిద్దఱమును గొడుగులు విప్పి ఆ బిడ్డకు నీడ పట్టితిమి. ఆమె మా చేయి పట్టుకొన్న పట్టునకు గాజులు రెండు చిట్లినవి. “దూరము లేదమ్మా, రేవు కనబడుచున్నది” అని మాటిమాటికి చెప్పితిమి. కనబడుచుండినమాట నిజమే, చేరుటయే లేదు. ముప్పావుగంట నెట్టిన పిమ్మట పడవ కదలినది. రేవున బండి సిద్ధముగ నుండెను. ఆడపిల్ల పుట్టినదనియు, ఇరువురును క్షేమమనియు మఱునాడు పడవవాడు ఫోనులో తెలిపెను.

పడవవాడే చెప్పిన దింకొకటి. పూర్వము సముద్రపు మొగలు లోతుగ నుండి పోటుకు నీరు నిండుగ వచ్చెడిదట. నేడు ఇసుక మేటవేసి మొగలు పూడుచున్నవి. నీరు రాదు, నీటితో వచ్చు రొయ్యపిల్లయు రాదు. వేసవిలో ఉత్తరభాగము ఎండి బీటలువారును. చేపలు తక్కువైనకొలది ఉత్తరపు జాలరులకును దక్షిణపు జాలరులకును నీటిహద్దులపై తగవులు హెచ్చినవి.

చివరకు పొన్నేరి మీదుగ పులికాట్ ఊరు చేరితిమి. తమిళులు పళవేర్కాడందురు. పదియాఱవ శతాబ్దమున బుడతకీచులు వచ్చిరి. వారి వెనుక డచ్చివారు. ఆనాడు ఈ ప్రాంతము చంద్రగిరి నేలిన వేంకటపతిదేవరాయల రాజ్యములోనిది. పట్టణపు వ్యవహారములలో రాణివాసపు పలుకుబడి యుండెడిదట. 1612లో బుడతకీచులు డచ్చివారి గిడ్డంగిని కొల్లగొట్టగా, 1613లో గెల్డ్రియా కోట లేచినది. 1690లో నాగపట్టణమునకు మార్చువఱకును చోళమండల తీరమున డచ్చివారికిదియే ముఖ్యస్థానము. ఇచటి గళ్లబట్టలు, అద్దకపు బట్టలు ఓడలెక్కి తూర్పుదీవులకు పోయి లవంగములుగ, జాజికాయలుగ మాఱెడివి. మన పోపులపెట్టెలోని లవంగమున కింత కథ గలదు. బట్టలతోపాటు మనుష్యులును పోయిరి. కరవులు వచ్చినపుడు ఆకలికి తాళలేక తల్లిదండ్రు లమ్ముకొన్న బిడ్డలను కొని బటావియాకు బానిసలుగ నెగుమతి చేసిరి. ఆ సంగతి తెలిసిన పిమ్మట కోట గోడల నందముగ నూహింప మాకు మనసు రాలేదు. ఊహింపవలసినదే గాని చూచుటకు కోట లేదు. కందకము, తుప్పలు, ఇటుకముక్కలు మిగిలినవి. 1825లో ఊరు ఆంగ్లేయుల వశమైనది.

మిగిలినది శ్మశానము. పురావస్తుశాఖవారి రక్షణలో నున్నది. ద్వారమున కిరుప్రక్కల రాతిలో చెక్కిన అస్థిపంజరములు రెండు వచ్చువారిని పలుకరించును. లోపల డచ్చి యక్షరముల రాతిపలకలు, గోపురముల సమాధులు. యౌవనముననే పోయినవారును, పసిపిల్లలును వారిలో గలరు. ఏ దేశపు తల్లియో బిడ్డను ఈ యిసుకలో నుంచి యోడ యెక్కిపోయినది.

సాయంకాలము మొగవద్ద జాలరులను చూచితిమి. ఇచట ‘పాడు’ అను కట్టుబాటు గలదు: వలవేయు చోట్లను ఊరివారు చీట్లు వేసి వంతులవారీగ పంచుకొందురు, వంతు లేనివాడు ఆనాడు వల దింపరాదు. వంతులు మగవారివి. పడవయు వలయు లేని ఆడువారు కొందఱు నీటిలో కూర్చుండినట్లు వంగి, చేతులతో బురద తడవి రొయ్యలు పట్టుచుండిరి. తాటాకు బుట్టను పండ్లతో కఱచి పట్టుకొని, పట్టిన రొయ్యను చేయి తీయకుండ నందులో వేయుదురు. ఊరిలోనికి వచ్చునప్పటికి తురకల వీధిలో అరుగులపై ఆడువారు అదే తాటాకును సన్నగ చీల్చి రంగులద్ది పెట్టెలల్లుచుండిరి. ఒక పెట్టె ధర యడిగితిమి. ఆమె చెప్పిన ధర రోజంతయు అల్లిన పనికి మిక్కిలి తక్కువ. బేరమాడుట యలవాటైన మా ఆడుబిడ్డ నోరు తెఱచి, మా ముఖము చూచి, మూసికొనెను. మూడు పెట్టెలు కొంటిమి. ఒకటి అత్తగారి తమలపాకులకు, ఒకటి ఆడుబిడ్డ కుట్టుసామానునకు. మూడవదానిలో, మూత తీయగానే గ్రుచ్చుకొనునని యెంత చెప్పినను వినక, మావారు రావణాసురుని మీసము నుంచినారు.