మీకు తెలుసా? గేజీ ముల్లు దిగిందని సంబరపడకండి

చేతికి పట్టీ కట్టి చూసే బీపీ కాకుండా ఒంట్లో ఇంకో బీపీ ఉంది. గుండె నుంచి ఊపిరితిత్తులకు రక్తం మోసుకెళ్లే ధమనుల్లోది. అక్కడి సన్నటి ధమనుల గోడలు మందమెక్కి దారి ఇరుకైతే వచ్చే జబ్బే పల్మనరీ ఆర్టీరియల్ హైపర్‌టెన్షన్. మామూలు బీపీ భేషుగ్గా ఉన్నవాళ్లకూ ఇది రావచ్చు. మగవాళ్లలో కంటే ఆడవాళ్లలో ఎక్కువ. సింహాచలం మెట్లెక్కితే ఎవరికైనా ఆయాసమే. క్వార్టర్‌లో పై అంతస్తుకు వెళ్లడానికే మధ్యలో ఆగాల్సి వస్తున్నా, కళ్లు తిరిగి పడిపోతున్నా దాన్ని రక్తహీనత ఖాతాలో వేసి ఊరుకోకూడదు.

ఈ జబ్బులో రోగి భవిష్యత్తును తేల్చేది ధమనిలో ఒత్తిడి ఎంతన్నది కాదు, ఆ ధమనిలోకి రక్తం పంపే గుండె గది, అంటే కుడి జఠరిక, దాన్ని ఎంతవరకు తట్టుకుంటోందన్నది. జబ్బు ముదిరాక ఒత్తిడి తగ్గిపోవచ్చు కూడా! పంప్‌హౌస్‌లో డ్యూటీ చేసినవాళ్లకు ఇది విప్పి చెప్పక్కర్లేదు. పైపు పూడుకుపోతే గేజీ ముల్లు పైకి పోతుంది. మోటారే నీరసిస్తే ముల్లు దానంతటదే దిగుతుంది, పైపు మాత్రం పూడికతోనే ఉంటుంది. పాత రిపోర్టు, కొత్త రిపోర్టు పక్కపక్కన పెట్టి ‘ప్రెషర్ తగ్గింది కదా’ అని ఇంట్లో తీర్పులు చెప్పేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

గుండెలో పుట్టుకతో పెద్ద రంధ్రం ఉండి, వేళకు మూయించకపోతే ఊపిరితిత్తుల ధమనులు క్రమంగా పాడై ఐసెన్‌మెంగర్ అనే స్థితి వస్తుంది. ఇక అప్పుడు రంధ్రం మూయడం కుదరదు. చిత్రమేమిటంటే, కారణం తెలియకుండా పెద్దయ్యాక ఈ జబ్బు వచ్చినవాళ్లతో పోలిస్తే, అంతే ఒత్తిడి ఉన్నా వీళ్లు ఎక్కువ కాలం బతుకుతారు. తల్లి కడుపులో ఉండగా కుడి జఠరిక గోడ మందంగా ఉంటుంది. పుట్టాక మనందరికీ పలచబడుతుంది. వీళ్లలో చాలామందికి ఆ మందం పోదు. అంటే ఆ కండరం చిన్ననాటి నుంచే బరువుకు అలవాటుపడింది. అలాగని రంధ్రాన్ని వదిలేయమని కాదు! 2007లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీకి పసిపిల్లల గుండె ఆపరేషన్లకు ముఖ్యమంత్రి సహాయనిధి నుంచి ఇచ్చిన డబ్బే నాంది. వేళకు చేసిన అలాంటి ఆపరేషన్‌తో ఈ దశే రాకుండా పోతుంది.

టూడీ ఎకో రిపోర్టులో అందరూ వెతికేది కుడి జఠరికలో ఒత్తిడిని చెప్పే ఆర్‌వీఎస్‌పీ అంకె. అది కుడి జఠరిక నుంచి వెనక్కి చిమ్మే రక్తం వేగాన్ని బట్టి కట్టిన అంచనా మాత్రమే. దానికి కాస్త కింద ‘టాప్సే’ అని ఒకటుంటుంది. గుండె ముడుచుకున్నప్పుడల్లా కుడి కర్ణికకు, కుడి జఠరికకు మధ్యనున్న ట్రైకస్పిడ్ వాల్వు అంచు ఎన్ని మిల్లీమీటర్లు కదిలిందో చెప్పే కొలత అది. 17 కంటే తక్కువైతే కుడి జఠరిక అలిసిపోతోందని అనుమానించాలి. స్క్రీన్ మీద గుండ్రంగా కనిపించాల్సిన ఎడమ జఠరిక, కుడివైపు ఒత్తిడికి మధ్య గోడ చదునై, ఇంగ్లీషు ‘డి’ అక్షరంలా కనిపిస్తుంది. కుడి కర్ణిక వైశాల్యం 18 చదరపు సెంటీమీటర్ల లోపుంటే మంచిది, 26 దాటితే ప్రమాదం.

జబ్బు ఉందని ఖాయం చేసేది మాత్రం సిరలోంచి గుండెలోకి పంపే సన్నటి గొట్టమే. 1929లో వెర్నర్ ఫోర్స్‌మన్ అనే జర్మనీ కుర్ర డాక్టరు ఆ గొట్టాన్ని తన చేతి సిరలోంచి తానే ఎక్కించుకుని, మెట్లు దిగి ఎక్స్‌రే గదికి నడిచి వెళ్లాడు. 1956లో ఇంకో ఇద్దరితో కలిసి నోబెల్ అందుకున్నాడు. ఆ గొట్టంతో కొలిచినప్పుడు పల్మనరీ ధమనిలో సగటు ఒత్తిడి 20 దాటితే పల్మనరీ హైపర్‌టెన్షన్ అంటారు. అయితే యూరప్ గుండె, ఊపిరితిత్తుల వైద్య సంఘాలు 2022లో ఇచ్చిన ముప్పు పట్టికలో ఆ సగటు ఒత్తిడికి చోటే లేదు! కుడి కర్ణికలో ఒత్తిడి, గుండె పంపుతున్న రక్తం పరిమాణం లాంటివే అందులో ఉన్నాయి.

మందులు మొదలుపెట్టాక ముప్పును నాలుగు మెట్లుగా లెక్కగట్టడానికి మూడే చాలు: ఏ పనికి ఆయాసం వస్తోంది, ఎన్‌టీ ప్రోబీఎన్‌పీ అనే రక్తపరీక్ష ఎంత, ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడిచారు. రక్తపరీక్ష 300 లోపుంటే ఊరట, 1100 దాటితే కంగారు. నడకలో 440 మీటర్లు దాటితే మంచి గుర్తు, 165 కూడా రాకపోతే చెడ్డ గుర్తు.

ఆ నడకకు 30 మీటర్ల చదును వరండా ఉంటే చాలు. పరుగెత్తకూడదు. ఆయాసమొస్తే గోడకు ఆనుకుని నిలబడవచ్చు, గడియారం మాత్రం ఆగదు. టెక్నీషియన్ పక్కనే నడవరు, నడిస్తే రోగి వాళ్ల వేగాన్ని అందుకోవాలని చూస్తాడు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి. లేకపోతే మోకాలు చేసిన తప్పు గుండె ఖాతాలో పడుతుంది.