పిసరంత అమెరీషియం

గనుల్లో దొరికే మూలకాల్లో యురేనియమే బరువైనది. అంతకన్నా బరువైనవాటిని శాస్త్రవేత్తలు ఎంతో ఖర్చుపెట్టి సృష్టిస్తుంటే, ఎవరికోసమని మనం అడుగుతాం. పరమాణు కేంద్రకం ఎంత బరువుదాకా నిలుస్తుందో తెలుసుకోవడమే వారి మొదటి ఉద్దేశం. కొన్ని సెకనైనా నిలవవు.

అమెరీషియం సంగతి వేరు. 1944లో షికాగోలో, అణుబాంబు పరిశోధనల నడుమ, సీబోర్గ్ బృందం దాన్ని తయారుచేసింది. మరుసటి ఏడాది ఆయన ఆ కబురును పిల్లల రేడియో కార్యక్రమంలో, ఒక బాలుడి ప్రశ్నకు జవాబుగా బయటపెట్టారు!

నేడది కొన్నిరకాల పొగ హెచ్చరిక పరికరాల్లో ఉంది. గ్రాములో పదిలక్షల వంతుకన్నా తక్కువే. దాని కిరణాల వల్ల పరికరంలోని గాలిలో సన్నగా విద్యుత్తు పారుతుంది. పొగ చొరబడితే అది తగ్గి, అలారం మోగుతుంది. నిద్రపోతున్నవారు లేచి బయటపడతారు. దాని అర్ధాయువు సుమారు 432 ఏళ్లు. కనుక పాడైన పరికరాన్ని మనం విప్పకూడదు, కాల్చకూడదు.